పాఠకుల ప్రశ్నలు – జవాబులు: 2024లో డెమొక్రాట్లు ఎందుకు ఓడిపోయారు?

2024 నవంబర్ 5న జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి కమలా హారిస్ మీద రిపబ్లికన్ అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఓరుగల్లు నుంచి నిర్మల్ దాకా ఊరూరా ఉన్నాయి కాబట్టి ఆ ఫలితం మీద ఇక్కడా వాదనలు తెగడం లేదు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయించాం.

ఓటమికి కారణమేంటంటే ఒకరు ధరలంటారు, ఒకరు వలసలంటారు, ఇంకొకరు అభ్యర్థి మహిళ కావడమే అంటారు. ఇన్నిట్లో అసలు కారణాన్ని తేల్చేదెలా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హన్మకొండ

సార్, కారణాల జోలికి పోకముందు లెక్క చూడాలి. 2020లో డెమొక్రాట్ జో బైడెన్ దేశం మొత్తం మీద 4.5 శాతం ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2024లో ట్రంప్ 1.5 శాతం ఆధిక్యంతో గెలిచారు. అంటే నాలుగేళ్లలో గాలి 6 శాతం అటు మళ్లింది. ఆ 6 శాతం అన్నిచోట్లా ఒకేలా లేదు. ఎక్కడ ఎంత మళ్లిందో చూస్తే సగం జవాబు దొరికినట్టే.

తెలుగువాళ్లు బాగా ఉన్న న్యూజెర్సీని తీసుకోండి. అక్కడ బైడెన్ ఆధిక్యం 16 శాతం, హారిస్‌కు మిగిలింది 6 శాతం. న్యూయార్క్‌లో 23 నుంచి 13 దరిదాపులకు పడింది. ఫ్లోరిడాలో ట్రంప్ ఆధిక్యం 3 నుంచి 13కు, టెక్సాస్‌లో 5.6 నుంచి 13.7కు పెరిగింది. ఇవన్నీ ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన రాష్ట్రాలు. ఏ పార్టీ కూడా అక్కడ అధ్యక్ష ఎన్నిక కోసం పెద్దగా డబ్బు, మనుషులను పెట్టదు. రెండు పార్టీలూ ఇల్లిల్లూ తిరిగి, టీవీల నిండా ప్రకటనలు గుప్పించిన రాష్ట్రాల్లో మాత్రం మార్పు తక్కువగా ఉంది: విస్కాన్సిన్‌లో 1.5 శాతం, పెన్సిల్వేనియాలో 3 శాతం లోపు, మిషిగాన్‌లో 4 శాతం చిల్లర.

దీన్నిబట్టి, హారిస్ ప్రచారం జరిగినచోట ఎంతో కొంత పనిచేసింది. ప్రచారం బాగాలేక ఓడిపోయారన్న మాట నిలవదు. రెండోది, ప్రచారమే లేనిచోట ఓటు ఎక్కువ జారింది కాబట్టి అసలు కారణం దేశమంతటా, ప్రతి ఇంట్లో, ఎవరూ చెప్పకుండానే తెలిసేదై ఉండాలి. ఎవరు ఏ కారణం చెప్పినా ఈ కొలతకు పెట్టి చూడండి: న్యూజెర్సీలో 10, విస్కాన్సిన్‌లో 1.5 ఎందుకైందో ఆ కారణం చెప్పగలదా? చాలా కారణాలు అక్కడే రాలిపోతాయి.

మా బిడ్డ న్యూజెర్సీల ఉంటది. ధరలు మండుతున్నయని ఎన్నికలకు రెండేండ్ల ముందు నుంచే చెప్పేది. టీవీల జూస్తే అమెరికా ఆర్థిక వ్యవస్థ మస్తుగున్నదనిరి. ఏది నిజం?
– గృహిణి, హుజూరాబాద్

రెండూ నిజమేనమ్మా. ఓటమికి మూలం కూడా ఆ రెంటి మధ్యనే ఉంది.

2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. 40 ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. 2024 అక్టోబర్ నాటికి అది 2.6 శాతానికి దిగింది. నిరుద్యోగం కూడా తక్కువే. ప్రభుత్వం ఈ అంకెలు చూపించి బాగుందని చెప్పింది. అయితే ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. నాలుగేళ్లలో మొత్తం మీద ధరలు సుమారు 20 శాతం పెరిగి అక్కడే నిలబడ్డాయి. డజను గుడ్లు 2021 జనవరిలో సగటున డాలరున్నర లోపు. 2024 అక్టోబర్‌లో 3.37 డాలర్లు. ఇందులో కోళ్లకు సోకిన బర్డ్ ఫ్లూ వాటా కూడా ఉంది. కానీ దుకాణంలో బిల్లు కట్టేవాళ్లు ఆ వాటా తీసేసి లెక్కపెట్టుకోరు కదా.

దీనికంటే పెద్ద దెబ్బ ఇంటి లోను. 2021 మొదట్లో 30 ఏళ్ల ఇంటి లోను వడ్డీ 3 శాతం కంటే తక్కువ ఉండేది. 2023 అక్టోబర్‌లో దాదాపు 7.8 శాతానికి వెళ్లింది, ఎన్నికలప్పుడు 7 శాతానికి అటూ ఇటూగా ఉంది. లెక్క వేసి చూడండి. 3 లక్షల డాలర్ల లోనుకు 3 శాతం వడ్డీ అయితే నెలకు కిస్తీ సుమారు 1,265 డాలర్లు. 7 శాతం అయితే 1,996. అదే ఇల్లు, అదే అప్పు, నెలకు 730 డాలర్లు అదనం. పాత వడ్డీకి ఇల్లు కొన్నవాళ్లు అమ్మి కదలలేకపోయారు. కొత్తగా కొనాలనుకున్న పిల్లలు కిరాయి ఇళ్లలోనే ఉండిపోయారు, ఆ కిరాయిలూ పెరిగాయి.

ఆర్థికవేత్తలు పొరబడింది సరిగ్గా ఇక్కడే అని మా అభిప్రాయం. అమెరికా వినియోగదారుల ధరల సూచీలో ఇంటి లోను వడ్డీని 1983 నుంచి కలపడం లేదు. సొంత ఇంటికి కిరాయి ఎంత వస్తుందో అంచనా కట్టి దాన్నే లెక్కలో వేస్తారు. కాబట్టి కిస్తీ ఒకటిన్నర రెట్లు దాటినా ఆ భారం సూచీలో నేరుగా కనపడదు. మీ బిడ్డ చెప్పిన బాధ కాగితం మీదికి ఎక్కలేదు, అంతే.

జీతాలు కూడా పెరిగాయి కదా అని కొందరు అడుగుతారు. పెరిగాయి. అయితే జీతం పెరిగితే అది నా కష్టం అనుకుంటారు, ధర పెరిగితే ప్రభుత్వం చేసింది అంటారు. ఏ దేశంలోనైనా ఇంతే. దీనికితోడు చేతికందిన సాయం ఆగిపోయింది. 2021 జులై నుంచి డిసెంబర్ దాకా చాలా కుటుంబాలకు ఆరేళ్లలోపు పిల్లలకు నెలకు 300 డాలర్లు, పెద్ద పిల్లలకు 250 డాలర్లు నేరుగా ఖాతాలో పడ్డాయి. పార్లమెంటు పొడిగించకపోవడంతో 2022 జనవరి నుంచి బంద్. ధరలు ఎగబాకుతున్న నెలల్లోనే ఈ డబ్బు ఆగింది. అసలు ఇవ్వకపోతే ఇంత కోపం ఉండేది కాదేమో. ఇచ్చి ఆపినప్పుడు ఇచ్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఏటా 50 వేల డాలర్ల లోపు సంపాదించేవాళ్లలో ఒకప్పుడు డెమొక్రాట్లది స్పష్టమైన పైచేయి. 2024 ఎగ్జిట్ పోల్స్‌లో ట్రంప్ వాళ్లలో కొద్దిగా ముందుకొచ్చారు. లక్ష డాలర్లు దాటినవాళ్లలో హారిస్‌ది పైచేయి అయింది. కూలీ నాలీ జనం పార్టీగా పేరున్న పార్టీకి ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఉండదు.

ధరల దెబ్బ ఒక్క అమెరికాకే తగల్లేదు. అదే 2024లో బ్రిటన్‌లో కన్జర్వేటివ్‌లు అధికారం పోగొట్టుకున్నారు, జపాన్‌లో పాలక కూటమి మెజారిటీ కోల్పోయింది, దక్షిణాఫ్రికాలో పాలక పార్టీ ఏఎన్‌సీకి 1994 తర్వాత మొదటిసారి మెజారిటీ రాలేదు. అధికారంలో ఉన్నది కుడివైపు పార్టీనా ఎడమవైపు పార్టీనా అని జనం చూడలేదు.

బైడెన్‌కు పడ్డ 2 కోట్ల ఓట్లు ఈసారి మాయమయ్యాయని వాట్సాప్‌లో తిరుగుతోంది. డెమొక్రాట్ల ఓటర్లు ఇంట్లో కూర్చోవడం వల్లే ఓడారా, లేక ఏదైనా మోసం జరిగిందా?
– డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

ఆ మెసేజ్ ఎన్నికలైన మర్నాడు పుట్టింది. అప్పటికి లెక్కింపు పూర్తి కాలేదు. ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఓట్లలో ఎక్కువ భాగం పోస్టులో వస్తాయి. ఎన్నికల రోజున పోస్టు ముద్ర పడితే చాలు, ఆ తర్వాత 7 రోజుల లోపు చేరినా లెక్కలోకి తీసుకుంటారు. ప్రతి కవరు మీది సంతకాన్ని పాత సంతకంతో పోల్చాలి, సరిపోకపోతే ఓటరుకు కబురు పెట్టి సరిచేసుకునే అవకాశం ఇవ్వాలి. అందుకే అక్కడ తుది లెక్కకు వారాలు పడుతుంది. మన దగ్గర 2023 డిసెంబర్ 3 పొద్దున డబ్బాలు తెరిస్తే సాయంత్రానికి తెలంగాణ అంతా తేలిపోయింది కాబట్టి ఇది వింతగా అనిపించొచ్చు. అమెరికాలో ఎన్నికలు నడిపేది ఒకే కమిషన్ కాదు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే.

తుది లెక్క ఇదీ. బైడెన్‌కు 2020లో 8.13 కోట్లు, హారిస్‌కు 2024లో 7.50 కోట్లు. తగ్గింది 63 లక్షలు. ట్రంప్‌కు 7.42 కోట్ల నుంచి 7.73 కోట్లకు, అంటే 31 లక్షలు పెరిగాయి.

ఆ 63 లక్షలు ఎక్కడ తగ్గాయి? ఒక్క కాలిఫోర్నియాలోనే 18 లక్షలు, న్యూయార్క్‌లో 6 లక్షలు. ఈ రెండు రాష్ట్రాలనూ హారిస్ ఎలాగూ గెలిచారు. గెలుపోటములు తేల్చిన 7 రాష్ట్రాల్లో కథ వేరు. విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, నెవాడా – ఈ నాలుగింటిలో హారిస్‌కు బైడెన్ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. అయినా నాలుగూ ఓడిపోయారు. విస్కాన్సిన్ లెక్క చూడండి. బైడెన్‌కు 16,30,866, హారిస్‌కు 16,68,229. ఆమెకు 37 వేలు పెరిగాయి. ట్రంప్‌కు 16,10,184 నుంచి 16,97,626కు, అంటే 87 వేలు పెరిగాయి. చివరికి తేడా 29,397.

పెన్సిల్వేనియాలో హారిస్‌కు బైడెన్ కంటే 35 వేలు తగ్గిన మాట నిజం. కానీ అక్కడ ఓడింది లక్షా 20 వేలతో. తగ్గిన ఓట్లన్నీ తిరిగొచ్చినా ఇంకా 85 వేలు తక్కువే. ఇంట్లో కూర్చున్న ఓటరు మీద నెపం పెట్టేవాళ్లు ఈ ఒక్క కూడిక–తీసివేత చేస్తే చాలు. నిర్ణయాత్మక రాష్ట్రాల్లో ట్రంప్‌కు కొత్తగా ఓటేసినవాళ్లే ఫలితం తిప్పారు.

ఒక జాగ్రత్త. ఈ లెక్కలు నికర లెక్కలు. ఓటర్లలో కొందరు పార్టీ మారారు, కొందరు మానేశారు, కొందరు కొత్తగా వచ్చారు, మూడూ జరిగాయి. మొత్తం ఓట్ల నుంచి ఆ మూడింటినీ విడదీయలేం. దానికి ఎవరు ఓటేశారో రికార్డు చూసి, వాళ్లనే అడిగే సర్వేలు కావాలి. ఎన్నికలైన వారం లోపు ఎవరైనా ఫలానా వర్గమే ఓడగొట్టిందని ఖాయంగా చెబితే నమ్మకండి.

మోసం సంగతంటారా, హారిస్ నవంబర్ 6నే ఓటమి ఒప్పుకున్నారు. మోసం జరిగిందని అధికారికంగా ఎక్కడా తేలలేదు.

ఓట్లలో తేడా 1.5 శాతమే. మరి ఎలక్టోరల్ ఓట్లలో 312–226 అంత పెద్ద తేడా ఎలా వచ్చింది?
– జమ్మికుంట

మన 2023 అసెంబ్లీ ఫలితం గుర్తు చేసుకోండి. కాంగ్రెస్‌కు 39.4 శాతం, బీఆర్‌ఎస్‌కు 37.35 శాతం. ఓట్లలో తేడా 2 శాతమే, సీట్లు మాత్రం 64, 39. పాత వరంగల్ జిల్లాలోనైతే 12కు 10 కాంగ్రెస్‌వే. అక్కడా అంతే. అధ్యక్షుడు ఎవరో తేల్చేది రాష్ట్రాలవారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు. అవి మొత్తం 538, గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప ప్రతి రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ వాళ్లకే. పెన్సిల్వేనియా 19, మిషిగాన్ 15, విస్కాన్సిన్ 10. ఈ మూడూ కలిపి 44. హారిస్‌కు వచ్చిన 226కు ఇవి కలిస్తే సరిగ్గా 270. ఆ మూడు రాష్ట్రాల్లో ఆమె ఓడింది మొత్తం 2 లక్షల 30 వేల ఓట్లతో, 15 కోట్లకు పైగా పోలైన ఎన్నికలో.

2016లో హిల్లరీ క్లింటన్ అవే మూడు రాష్ట్రాలను 78 వేల లోపు ఓట్లతో పోగొట్టుకున్నారు. దేశం మొత్తం మీద ఆమెకే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ పడ్డాయి, అయినా ఓడారు. 2024లో డెమొక్రాట్లకు ఆ ఊరట కూడా లేదు. మొత్తం ఓట్లలో రిపబ్లికన్ ముందుండడం 2004 తర్వాత ఇదే మొదటిసారి.

గాజా యుద్ధం వల్ల ముస్లింలు దూరమై హారిస్ ఓడిపోయారని అంటున్నారు. నిజమేనా?
– నిజామాబాద్

దూరమైన మాట నిజం, అందువల్లే ఓడారన్నది నిజం కాదు. మిషిగాన్‌లోని డియర్‌బార్న్ పట్టణంలో అరబ్ మూలాలవాళ్లే సగం పైన. 2020లో బైడెన్‌కు తిరుగులేని ఆధిక్యం ఇచ్చిన ఊరది. 2024లో ట్రంప్‌కు 42 శాతం, హారిస్‌కు 36, గ్రీన్ పార్టీ జిల్ స్టయిన్‌కు 18 పడ్డాయి. బిడ్డల్ని, బంధువుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్న ఊరు అది. ఆ కోపాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే హారిస్ మిషిగాన్‌ను 80 వేల తేడాతో ఓడారు. డియర్‌బార్న్‌లో ఆమె పోగొట్టుకున్నవి పదిహేను వేల దరిదాపులే. మిషిగాన్ మొత్తం గెలిచారనుకున్నా 226కు 15 కలిస్తే 241. ఇంకా 29 కావాలి.

బైడెన్ ముందే తప్పుకుంటే గెలిచేవారా? హారిస్ చేసిన పొరపాటేంటి?
– న్యాయవాది, జగిత్యాల

జూన్ 27న అట్లాంటాలో ట్రంప్‌తో డిబేట్. 81 ఏళ్ల బైడెన్ మాట తడబడటం దేశమంతా చూసింది. జులై 21న తప్పుకున్నారు. హారిస్‌కు మిగిలింది 107 రోజులు. పార్టీ అభ్యర్థిని తేల్చే లోపలి ఎన్నికలు, అంటే ప్రైమరీలు అప్పటికే అయిపోయాయి. హారిస్ ప్రైమరీలో పోటీ పడకపోవడం వల్ల జరిగిన నష్టం పైకి కనిపించేదానికంటే లోతైనది. పార్టీలో పోటీదారులు ఆర్నెల్లు ఒకరినొకరు నిలదీస్తే, సొంత ప్రభుత్వం తప్పుల మీద జవాబు నలిగి నలిగి తయారవుతుంది. హారిస్‌కు ఆ అవకాశమే దొరకలేదు.

అక్టోబర్ 8న ఒక టీవీ కార్యక్రమంలో ఆ ప్రశ్నే వచ్చింది: గత నాలుగేళ్లలో బైడెన్ చేసినదానికి భిన్నంగా మీరేం చేసేవారు? తనకు ఏదీ తోచడం లేదన్నట్టు జవాబిచ్చారు. మార్పు కావాలని జనం కూర్చున్న ఎన్నికలో ఉపాధ్యక్షురాలి నోట రాకూడని జవాబది. రిపబ్లికన్లు ఆ ముక్కను ప్రకటనల్లో తిప్పి తిప్పి వేశారు. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు 25 వేల డాలర్ల సాయం లాంటి మంచి హామీలు ఆమె దగ్గర ఉన్నాయి. అధికారంలో ఉన్నప్పుడు ఎందుకు చేయలేదన్న ప్రశ్న ముందు అవి నిలవలేదు. డబ్బుకు కొదవ లేదు, 100 కోట్ల డాలర్లకు పైగానే పోగైంది.

ఇవన్నీ సరిదిద్దితే గెలిచేవారా అంటే, 6 శాతం గాలిలో ఒకటి, ఒకటిన్నర శాతం దక్కేదేమో. విస్కాన్సిన్‌లో ఓడింది 0.9 శాతంతోనే కాబట్టి అది చిన్న విషయమేమీ కాదు.

మహిళ, పైగా భారతీయ మూలాలు. అదే కారణమా?
– కరీంనగర్

పక్షపాతం లేదని ఎవరూ అనలేరు. కానీ అదే ప్రధాన కారణమైతే, పురుషులైన డెమొక్రాట్ల పరిస్థితి ఆమెకంటే చాలా మెరుగ్గా, మహిళల పరిస్థితి ఆమెలాగే ఉండాలి. అలా జరగలేదు. అదే రోజు, హారిస్ ఓడిన మిషిగాన్‌లో ఎలిస్సా స్లాట్‌కిన్, విస్కాన్సిన్‌లో టామీ బాల్డ్‌విన్, నెవాడాలో జాకీ రోజెన్ సెనెట్‌కు, అంటే పార్లమెంటు ఎగువ సభకు గెలిచారు. ముగ్గురూ డెమొక్రాట్లే, ముగ్గురూ మహిళలే. పెన్సిల్వేనియాలో డెమొక్రాట్ సెనెటర్ బాబ్ కేసీ పురుషుడే, ఓడిపోయారు.

వలసల మీద కోపం ఎంత పనిచేసింది? వలస వచ్చినవాళ్ల వారసులే ట్రంప్‌కు ఓటేశారట, అదెలా?
– నేత కార్మికుడు, సిరిసిల్ల

బాగా పనిచేసింది, ధరల తర్వాత ఇదే. 2023 డిసెంబర్ ఒక్క నెలలో మెక్సికో సరిహద్దులో అమెరికా గస్తీ సిబ్బందికి ఎదురైనవాళ్లు సుమారు రెండున్నర లక్షలు, అది రికార్డు. టెక్సాస్ గవర్నర్ 2022 నుంచి అలా వచ్చినవాళ్లను బస్సుల్లో న్యూయార్క్, షికాగోలకు పంపించారు. రెండేళ్లలో న్యూయార్క్ నగరానికి ఇలా రకరకాల దారుల్లో వచ్చినవాళ్లు 2 లక్షలు దాటారు. సరిహద్దు సమస్య వేల మైళ్ల దూరంలోని నగరం గల్లీలోకొచ్చింది. న్యూయార్క్‌లో 10 శాతం ఓటు జారడానికి ధరలకు తోడైనది ఇదే. బైడెన్ 2024 జూన్‌లో ఆశ్రయం దరఖాస్తులపై గట్టి ఆంక్షలు పెట్టారు, రాకపోకలు బాగా తగ్గాయి. అప్పటికి మూడేళ్లు ఆలస్యమైంది.

టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దును ఆనుకునే స్టార్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది. జనాభాలో 95 శాతం పైన లాటిన్ అమెరికా మూలాలవాళ్లే, ఎక్కువమందివి మెక్సికో మూలాలు. 2016లో క్లింటన్‌కు 79 శాతం, 2020లో బైడెన్‌కు 52 శాతం ఓటేసింది. 2024లో ట్రంప్‌కు 58 శాతం వేసింది. రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి అక్కడ గెలవడం నూరేళ్లకు పైగా ఎప్పుడూ లేదు. అక్కడివాళ్లలో చాలామంది తరాలుగా అమెరికా పౌరులు. చమురు బావుల్లో, సరిహద్దు గస్తీలో, కట్టుబడి పనుల్లో బతుకుతారు. తాతలు వలస వచ్చినవాళ్లు కాబట్టి మనవలు వలసలకు అనుకూలంగానే ఉంటారని డెమొక్రాటిక్ పార్టీ నమ్మింది. వాళ్లు కిరాయి, పెట్రోలు, సరిహద్దు చూసుకుని ఓటేశారు.

గర్భస్రావం హక్కు మీద డెమొక్రాట్లు అంత ఆశ పెట్టుకున్నారు. అది ఎందుకు పనిచేయలేదు?
– పొలిటికల్ సైన్స్ విద్యార్థిని, కాజీపేట

హక్కు విషయంలో పనిచేసింది, పార్టీకి పనిచేయలేదు. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ హక్కును కొట్టేశాక నిర్ణయం రాష్ట్రాల చేతికి పోయింది. 2024లో అరిజోనా బ్యాలెట్ పేపర్ మీద అధ్యక్షుడి ఎన్నిక ఉంది, సెనెట్ ఎన్నిక ఉంది, గర్భస్రావం హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలా వద్దా అన్న ప్రశ్నా ఉంది. హక్కుకు దాదాపు 62 శాతం అవునన్నారు. సెనెట్‌కు డెమొక్రాట్ రూబెన్ గయేగోను గెలిపించారు. అధ్యక్షుడిగా ట్రంప్‌కు 5.5 శాతం ఆధిక్యం ఇచ్చారు. ఒకే కాగితం, అదే ఓటరు. మిస్సోరిలోనూ ఆ హక్కు గెలిచింది, ట్రంప్ 58 శాతం ఓట్లతో గెలిచారు.

హక్కును విడిగా కాపాడుకునే గడి కాగితం మీదే దొరికినప్పుడు, దానికోసం పార్టీకి ఓటేయాల్సిన అవసరం ఓటరుకు లేకుండా పోయింది. మీరు ప్రాజెక్టు రాసేటట్టయితే అరిజోనా, నెవాడా, మిస్సోరిల జిల్లాలవారీ ఫలితాలను ఆ రాష్ట్రాల ఎన్నికల అధికారి వెబ్‌సైట్ నుంచి దించుకోండి. ప్రతి జిల్లాలో హక్కుకు పడ్డ ఓట్ల సంఖ్యలోంచి హారిస్ ఓట్లను తీసేయండి. శాతాలు కాదు, సంఖ్యలే తీసుకోవాలి. ఆ మిగులు ఏ జిల్లాల్లో ఎక్కువ ఉందో, అక్కడి సగటు ఆదాయం ఎంతో పక్కపక్కన పెట్టి చూడండి.